‘ఏం లేదన్నా’ అన్నాక ఏం అడగాలి: క్యాంపస్‌లో సీఆర్‌లకు, స్టూడెంట్ మెంటర్లకు సమగ్ర మార్గదర్శి

పీజీ రెండో ఏడాదిలో నేను మా డిపార్ట్‌మెంట్‌కు సీఆర్‌ని, అంటే క్లాస్ రిప్రజెంటేటివ్‌ని. జూనియర్ బ్యాచ్‌లో దేవరకొండ అవతల ఒక తండా నుంచి వచ్చిన అబ్బాయి ఉండేవాడు. మొదటి వారమంతా ముందు బెంచీలోనే కూర్చున్నాడు. ఆ తర్వాత పది రోజులు కనిపించలేదు. ఓ సాయంత్రం నల్లగొండ బస్టాండ్‌లో ఎదురైతే, "ఏమైంది తమ్మీ, క్లాసుకు వస్తలేవు?" అని అడిగాను. "ఏం లేదన్నా" అన్నాడు. "సరే, రేపటి సంది రా" అని నా బస్సెక్కాను. సీఆర్‌గా అడగాల్సింది అడిగేశాననే అనుకున్నాను.

అతను మళ్లీ రాలేదు. దసరా సెలవులయ్యాక అసలు సంగతి తెలిసింది. డిగ్రీ చదివిన కాలేజీలో ఫీజు బాకీ ఉందని ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వలేదట. గడువులోగా ఒరిజినల్స్ ఇవ్వకపోతే ఇక్కడ సీటు పోతుందని ఎవరో అన్నారట. అతను ఇంకెవరినీ అడగలేదు, హైదరాబాద్‌లో పనికి వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది ఒక అమ్మాయికి అచ్చంగా ఇదే ఇబ్బంది వస్తే అప్పటి సీఆర్ నాకు ఫోన్ చేసింది. గడువు కావాలని ఒక దరఖాస్తు రాయించి, హెచ్‌ఓడీ (విభాగాధిపతి) సంతకంతో ఆఫీసులో ఇవ్వమన్నాను. గడువు దొరికింది. ఆ అమ్మాయి పీజీ పూర్తి చేసింది.

ఆ రోజు బస్టాండ్‌లో నేను రెండో ప్రశ్న అడిగి ఉండాల్సింది. ఇక్కడ రాస్తున్నదంతా ఆ రెండో ప్రశ్న ఎలా అడగాలి, జవాబు వచ్చాక ఏం చేయాలి అన్నదాని గురించే.

మన ప్రాంతం సంగతి ముందే చెప్పాలి. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో వచ్చాయి. అంతకుముందు రెండు చోట్లా ఉస్మానియా పీజీ సెంటర్లే ఉండేవి. పాలమూరు వర్సిటీకి గద్వాల, వనపర్తి, కొల్లాపూర్‌లలో కూడా పీజీ సెంటర్లున్నాయి. వీటిలో చేరేవాళ్లలో ఇంట్లో మొదటిసారి పై చదువు దాకా వచ్చినవాళ్లు చాలామంది. నాయిన ముంబైలోనో పుణెలోనో మేస్త్రీ పనిలో ఉంటాడు, ఊళ్లో అడిగి తెలుసుకుందామంటే వర్సిటీ చూసినవాళ్లే ఉండరు. పెద్ద నగరాల కాలేజీల మెంటరింగ్ పద్ధతుల్లో రెజ్యూమె తయారీ, పరిచయాలు పెంచుకోవడం లాంటివి ముందుంటాయి. మన దగ్గర మొదటి సెమిస్టర్‌లో అవి ఎవరికీ అక్కరకు రావు. బోనఫైడ్ (ఇక్కడ చదువుతున్నట్టు ఇచ్చే ధ్రువపత్రం) ఏ కౌంటర్‌లో ఇస్తారో చెప్పేవాళ్లు, వీలైతే వెంట వచ్చేవాళ్లు కావాలి.

అడుగు 1: మీరు ఏ పనికి ఒప్పుకుంటున్నారో తేల్చుకోండి

మన రాష్ట్ర వర్సిటీల్లో విద్యార్థి సంఘాలకు ప్రత్యక్ష ఎన్నికలు దశాబ్దాలుగా లేవు. విద్యార్థి ఎన్నికల మీద లింగ్డో కమిటీ చేసిన సిఫార్సులను సుప్రీంకోర్టు 2006లోనే ఆమోదించింది. పోటీ చేసేవాళ్లకు 75 శాతం హాజరుండాలని, ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదని అందులో ఉంది. మన క్యాంపస్‌లలో ఆ నిబంధనలతో పని పడే సందర్భమే రాలేదు. క్లాసులో చేతులెత్తించి సీఆర్‌ను, అమ్మాయిల తరఫున ఎల్‌ఆర్‌ను ఎన్నుకుంటారు, లేదంటే సార్ ఒక పేరు చెప్తారు.

దాంతో ‘ఇక్కడ విద్యార్థి నాయకత్వం అంటే సీఆరే’ అని చాలామంది అనుకుంటారు. కానీ యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనల ప్రకారమే విద్యార్థులకు దక్కాల్సిన చోట్లు చాలా ఉన్నాయి. యాంటీ ర్యాగింగ్ కమిటీలో కొత్త విద్యార్థుల ప్రతినిధి, సీనియర్ల ప్రతినిధి ఇద్దరూ ఉండాలి. లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే అంతర్గత కమిటీలో, విషయం విద్యార్థులకు సంబంధించినదైతే, డిగ్రీ, పీజీ, రీసెర్చ్ స్థాయిల నుంచి ముగ్గురు విద్యార్థులుండాలి. ఆ ముగ్గురినీ ఎన్నుకోవాలి కూడా, ఇది 2015 నిబంధన. 2023 నిబంధనల ప్రకారం విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీకి ఒక విద్యార్థి ప్రత్యేక ఆహ్వానితుడు. కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే న్యాక్ కోసం నడిచే అంతర్గత నాణ్యతా విభాగం ఐక్యూఏసీలోనూ విద్యార్థికి చోటుంది. ఈ పేర్లు కొన్నిచోట్ల ఫైళ్లలోనే ఉంటాయి, ఆ విద్యార్థికి తాను సభ్యుడినన్న సంగతి కూడా తెలియదు. మీ కాలేజీలో ఈ కమిటీల జాబితా ఒకసారి అడిగి చూడండి. ఆ ఒక్క ప్రశ్నకే ఆఫీసులో కొంత కదలిక వస్తుంది.

ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) దారి వేరు. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. మనుషులతో పని చేయించడం అక్కడ నేర్చుకున్నంత బాగా ఇంకెక్కడా నేర్చుకోలేం. మెంటర్లు కావాలనుకుంటే ముందు ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసర్‌ను కలవండి, పని చేసే పిల్లలెవరో ఆయనకు తెలుసు.

సీఆర్, మెంటర్ పనులు రెండూ ఒకరే నెత్తిన పెట్టుకోవద్దని నా సలహా. సీఆర్ క్లాసు మొత్తం తరఫున మాట్లాడాలి, అవసరమైతే గట్టిగా మాట్లాడాలి. మెంటర్ ఒక్కొక్కరితో విడిగా, మెల్లగా మాట్లాడాలి. పొద్దున హెచ్‌ఓడీ గదిలో వాదించి వచ్చినవాడి దగ్గర మధ్యాహ్నం జూనియర్ నోరు విప్పడు, ‘ఇది కూడా సార్ దాకా పోతదేమో’ అని భయపడతాడు.

అడుగు 2: కాగితం మీదికి తెండి

ఈ పనికి బలమైన ఆధారం ఎవరూ వెతకని చోట ఉంది. 2009 నాటి యూజీసీ ర్యాగింగ్ నిరోధక నిబంధనల్లో, ప్రతి విద్యాసంస్థా స్వచ్ఛందంగా ముందుకొచ్చిన విద్యార్థులతో మెంటరింగ్ సెల్ ఏర్పాటు చేయాలని ఉంది. లెక్క కూడా చెప్పారు: ఆరుగురు కొత్త విద్యార్థులకు ఒక మెంటర్, ఆరుగురు మెంటర్లకు పై స్థాయిలో ఇంకొకరు. అంటే మీరు అడిగేది కొత్త కోరిక కాదు, ఉన్న నిబంధననే గుర్తు చేస్తున్నారు. దీనికి తోడు కొత్త విద్యార్థుల పరిచయ కార్యక్రమం కోసం యూజీసీ ‘దీక్షారంభ్’ పేరుతో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది.

దరఖాస్తు ఒక పేజీ దాటొద్దు. ఇలా రాయొచ్చు:

"గౌరవనీయులైన విభాగాధిపతి గారికి, యూజీసీ 2009 ర్యాగింగ్ నిరోధక నిబంధనల్లో పేర్కొన్న మెంటరింగ్ సెల్ కింద, ఈ విద్యా సంవత్సరం మన విభాగంలో చేరే విద్యార్థులకు ఆరుగురికి ఒకరి చొప్పున సీనియర్ మెంటర్లను నియమించాలని కోరుతున్నాం. కలిసే చోటు సెమినార్ హాల్. సమయం ప్రతి బుధవారం మధ్యాహ్నం 3 నుంచి 4 గంటల వరకు. ఒక అధ్యాపకులను ఇన్‌చార్జిగా నియమించి, సర్క్యులర్ ఇప్పించగలరని మనవి. మెంటర్ల పేర్లు, హాల్ టికెట్ నంబర్లు జతపరిచాం."

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముట్టినట్టు సంతకం వేయించుకోండి. మొదటిసారి హెచ్‌ఓడీ "చూద్దాంలే" అంటారు. వారం ఆగి, చేతిలో ఆ కాపీతో మళ్లీ వెళ్లండి.

సర్క్యులర్ లేకుండా మాత్రం మొదలుపెట్టొద్దు. సీనియర్లు జూనియర్లను పిలిపించుకుని కూర్చోబెట్టడం బయటి నుంచి చూసేవాళ్లకు ఎలా కనిపిస్తుందో ఆలోచించండి. మీ మనసు మంచిదే కావచ్చు, ఆ సంగతి ఫోన్ అందుకున్న తండ్రికి తెలియదు. అందుకే కొన్ని కట్టుబాట్లు రాసి ప్రతి మెంటర్‌తో సంతకం పెట్టించండి. పగటిపూట, నలుగురూ తిరిగే చోటే కలవాలి. హాస్టల్ గదుల్లో, రాత్రిపూట కలవడం ఉండదు. జూనియర్‌తో రికార్డు రాయించుకోవడం, అసైన్‌మెంట్ చేయించుకోవడం నిబంధనల ప్రకారం ర్యాగింగే. బలవంతంగా డబ్బు ఖర్చు పెట్టించడం కూడా అంతే, కాబట్టి ‘ఫ్రెషర్స్ పార్టీకి తలా ఇంత’ అని మెంటర్ చేత్తో వసూలు చేయకూడదు. కులం, ప్రాంతం, భాష మీద జోకులు అసలే వద్దు. మన దగ్గర కులం నేరుగా అడగరు, ‘ఇంటిపేరేంది?’ అంటారు. ఆ ప్రశ్న మెంటర్ నోట రాకూడదు.

అడుగు 3: మెంటర్లను ఏరుకోండి

టాపర్లతో నింపొద్దు. టాపర్‌కు తప్పడమంటే ఏంటో తెలియదు. ఒక బ్యాక్‌లాగ్ పడి, సప్లీ రాసి గట్టెక్కినవాడు జూనియర్‌కు ఎక్కువ పనికొస్తాడు. రీవాల్యుయేషన్ గడువు ఎప్పుడో, ఫీజు ఎక్కడ కట్టాలో, ఇంట్లో ఎలా చెప్పాలో అతనికి అనుభవంతో తెలుసు.

హాస్టల్‌లో ఉండేవాళ్లు, రోజూ బస్సులో వచ్చిపోయేవాళ్లు ఇద్దరూ ఉండాలి, వాళ్ల కష్టాలు వేరు. మిర్యాలగూడ నుంచో జడ్చర్ల నుంచో రోజూ వచ్చేవాళ్లకు చివరి పీరియడ్ కంటే బస్సు ముఖ్యం. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు టికెట్ లేదు. అబ్బాయిలకు మాత్రం పాస్ కావాలి, దానికి బోనఫైడ్ కావాలి, మొదటి వారంలో బోనఫైడ్ దొరకదు. అమ్మాయిలకు అమ్మాయే మెంటర్‌గా ఉండటం మేలు. తండాల నుంచి వచ్చినవాళ్లలో కనీసం ఒకరిని, గద్వాల వైపైతే ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్లలో ఒకరిని తీసుకోండి.

ఎంపికకు నేనొక చిన్న పరీక్ష పెడతాను. ‘నీకు తెలియని విషయం జూనియర్ అడిగితే ఏం చేస్తవ్?’ అని అడుగుతాను. ఏదో ఒకటి చెప్పి పంపిస్తానన్నవాళ్లను తీసుకోను.

అడుగు 4: ఒక మధ్యాహ్నం సాధన

రెండు గంటలు చాలు. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ఒకరిని జూనియర్‌గా నటించమనండి. జూనియర్‌కు చీటీ మీద ఒక కష్టం రాసివ్వండి: మెస్ బిల్లు కట్టలేదు, ఇంగ్లిష్ అర్థం కావడం లేదు, ఇంట్లో పెళ్లి సంబంధం చూస్తున్నారు. ఆ సంగతి వెంటనే చెప్పకుండా మూడుసార్లు ‘ఏం లేదన్నా’ అనాలి. మెంటర్ దాన్ని దాటి మాట రాబట్టాలి.

మొదటిసారి అందరూ ఒకేలా చేస్తారు. ‘ఏం లేదు’ అనగానే ధైర్యం చెప్పడం మొదలుపెడతారు: "ఏం ఫికర్ చేయకు, నేనున్న." ఇంకా కష్టమేంటో తెలియనే తెలియదు, అప్పుడే ఓదార్పు! దానికి బదులు చిన్న, సూటి ప్రశ్నలు నేర్పండి, ‘అవును’ అనో ‘కాదు’ అనో తేల్చలేనివి. "పొద్దున ఎన్ని గంటలకు బయల్దేరినవ్?" "ఈపాస్ (స్కాలర్‌షిప్ దరఖాస్తు) ఎక్కడిదాకా వచ్చింది?" "నిన్న మధ్యాహ్నం ఏం తిన్నవ్?" ‘కష్టాలేమైనా ఉన్నాయా’ అంటే లేవంటారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం జరిగిందో అడిగితే కష్టం ఎక్కడో ఒకచోట దానంతటదే బయటపడుతుంది. ఇంకో కిటుకు ఉంది. ఎదురెదురుగా కూర్చుని అడగకండి, నడుస్తూ అడగండి. గేటు నుంచి డిపార్ట్‌మెంట్ దాకా పక్కపక్కన నడిచే పది నిమిషాల్లో రాలిన మాటలు సెమినార్ హాల్‌లో గంట కూర్చున్నా రావు.

‘నీకంటే కష్టపడ్డోళ్లున్నరు’, ‘మా టైంల ఇట్ల లేకుండె’ — ఈ రెండు మాటలు ఆ రోజే మాన్పించండి.

అడుగు 5: గదుల పటం గీయండి

పిల్లలు రాకముందే తయారు కావాలి. ఒక ఏ4 కాగితం, రెండు వైపులా. ఏ పనికి ఏ గది, ఏ కిటికీ, ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు, వెంట ఏం తీసుకెళ్లాలి. బోనఫైడ్, ఫీజు చలానా, హాస్టల్ దరఖాస్తు, లైబ్రరీ కార్డు, ఎగ్జామినేషన్ బ్రాంచ్, స్కాలర్‌షిప్ సెక్షన్. దగ్గర్లోని మీసేవ, జిరాక్స్ షాపు, ఏటీఎం, ఆరోగ్య కేంద్రం. ఊళ్లోకి చివరి బస్సు ఎన్నింటికో కూడా రాయండి. రెండు వర్సిటీల ప్రధాన క్యాంపస్‌లూ ఊరికి ఎడంగా ఉన్నాయి, నల్లగొండది అన్నెపర్తి దగ్గర, మహబూబ్‌నగర్‌ది రాయచూర్ రోడ్డులో బండమీదిపల్లి దగ్గర. చివరి బస్సు పోతే ఆటోకు పెట్టే డబ్బు ఒక పూట మెస్ ఖర్చు.

ఆఫీసు వాళ్ల పేర్లు, సొంత ఫోన్ నంబర్లు వేయొద్దు. ఏ సీటుకు వెళ్లాలో రాస్తే చాలు. పటం తెలుగులో ఉండనివ్వండి, కౌంటర్ పేరు మాత్రం బోర్డు మీద ఎలా ఉందో అలాగే రాయండి.

అడుగు 6: మొదటి పరిచయం, ఒక్కసారితో సరిపెట్టొద్దు

డిగ్రీకి దోస్త్ ఆన్‌లైన్ ప్రవేశాలు, పీజీకి సీపీగెట్ ప్రవేశ పరీక్ష, రెండింట్లోనూ సీట్లు విడతలవారీగా నిండుతాయి. మొదటి విడతలో చేరినవాళ్లకు పూలిచ్చి, పరిచయ సభ పెట్టి, అన్నీ చెప్తాం. మూడో విడతలోనో స్పాట్‌లోనో (మిగిలిన సీట్లకు చివర్లో జరిగే అడ్మిషన్లు) వచ్చినవాడు నెల ఆలస్యంగా, నిండిన క్లాసులోకి ఒక్కడే అడుగుపెడతాడు. అప్పటికే అందరికీ జట్లు కుదిరాయి, ఇంటర్నల్స్ తేదీ కూడా వచ్చేసింది. నేను చూసినంతలో మధ్యలో మానేసేవాళ్లలో ఈ ఆలస్యంగా వచ్చినవాళ్లే ఎక్కువ. కాబట్టి చివరి విడత అయ్యాక రెండో పరిచయం తప్పకుండా పెట్టండి, ఐదుగురే ఉన్నా సరే. స్పాట్‌లో చేరేవాళ్లతో ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి చేరకముందే స్కాలర్‌షిప్ సెక్షన్‌లో అడిగించండి.

మొదటి సమావేశంలో ఉపన్యాసం వద్దు. పేరు, ఊరు, ఎలా వచ్చిపోతారు — ఇంతే అడిగి, గదుల పటం చేతికిచ్చి, ఆరుగురినీ వెంటబెట్టుకుని క్యాంపస్ తిప్పండి. ప్రతి కౌంటర్ దగ్గర రెండు నిమిషాలు ఆగండి. లోపల కూర్చున్న సార్‌కు నమస్తే చెప్పించండి. ఒకసారి మొహం చూసిన కౌంటర్ దగ్గరికి రెండోసారి ఒంటరిగా వెళ్లడానికి అంత భయముండదు.

వాట్సాప్ గ్రూపు పెట్టొచ్చు, నోటీసుల వరకే. గుడ్ మార్నింగ్ ఫొటోలు మొదలైతే ఎగ్జామ్ ఫీ నోటీసు వాటి కింద పడి మునిగిపోతుంది. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు, ఇంట్లో అన్న ఫోన్ వాడేవాళ్లు ఉంటారు. వాళ్లెవరో ముందే తెలుసుకుని, నోటి మాటగా చెప్పే బాధ్యత ఒకరికి అప్పజెప్పండి.

అడుగు 7: మొదటి సెమిస్టర్ క్యాలెండర్

ఈపాస్ ముందుంటుంది. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయగానే పని అయిపోయిందనుకుంటారు. ఆ తర్వాత మీసేవలో వేలిముద్ర వేయాలి, కాగితాలు కాలేజీలో ఇవ్వాలి, బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానమై ఉండాలి. ఆదాయ పరిమితి ఎస్సీ, ఎస్టీలకు ఈ ఏడాది ఎంతో స్కాలర్‌షిప్ సెక్షన్‌లో కనుక్కోండి. బీసీలకు గ్రామాల్లో లక్షా 50 వేలు, పట్టణాల్లో 2 లక్షలు. ఆదాయ ధ్రువపత్రానికి ఊరికి వెళ్లి రావాలి, అక్కడ రెండు రోజులు పడుతుంది. ‘ఈపాస్ చేసినవా?’ అని అడగకండి, చేశాననే చెప్తారు. ‘వేలిముద్ర ఏ రోజు వేసినవ్?’ అని అడగండి. పోయిన ఏడాది ఈ ఒక్క ప్రశ్నకే మా బ్యాచ్‌లో నలుగురు తెల్లమొహం వేశారు.

తర్వాత హాజరు. దీన్ని శాతాల్లో చెప్తే ఎవరికీ ఎక్కదు, రోజుల్లో చెప్పండి. 90 పనిదినాల సెమిస్టర్‌లో 75 శాతమంటే 68 రోజులు. చేతిలో ఉండేవి 22. ఇందులో బతుకమ్మకు ముందు రెండు రోజులు, దసరా తర్వాత ‘అందరూ వచ్చినంక పోదాం’ అని వారం. ఆ వెంటనే పత్తి. మన రెండు జిల్లాల్లో పత్తి ఏరే రోజుల్లో కూలీలు దొరకరు, ఇంట్లో ఉన్న ప్రతి చేయీ చేనులోనే ఉండాలి. చదువుకునే పిల్లను పది రోజులు ఆపేస్తారు. ఆ పది రోజులు తప్పని మీరు అనకండి, ఆ డబ్బుతోనే ఫీజు కడతారు. ముందే లెక్క వేసి పెట్టుకోమని చెప్పండి: పత్తికి పది రోజులు పోవాలంటే అప్పటిదాకా ఒక్క రోజూ ఊరికే మానొద్దని. అయినా తక్కువైతే, 65 శాతం దాటినవాళ్లకు కారణం చూపి కండొనేషన్ ఫీజు (తక్కువైన హాజరును మన్నించడానికి తీసుకునే ఫీజు) కట్టే వీలు చాలా కోర్సుల్లో ఉంది. 65 లోపు పడితే డిటెన్షన్, అంటే పరీక్ష రాయనివ్వరు. హాజరు 75 దాటకపోతే స్కాలర్‌షిప్‌కూ ఇబ్బందే.

దసరా సెలవుల తర్వాతి సోమవారం మెంటర్‌కు అన్నిటికంటే ముఖ్యమైన రోజు. మీ ఆరుగురిలో రానివాళ్లకు ఆ రోజే ఫోన్ చేయండి. మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు. ఫోన్ అమ్మ ఎత్తితే ఆమెతోనే మాట్లాడండి: "అమ్మా, నేను కాలేజీ నుంచి, సీనియర్‌ను" అని.

ఎగ్జామ్ ఫీ గడువు, లేట్ ఫీ గడువు, ఇంటర్నల్స్ — వీటిని నోటీసు రాగానే గోడ క్యాలెండర్ మీద రాసి ఫొటో తీసి పంపితే సరిపోతుంది.

అడుగు 8: ఇంగ్లిష్ మీడియం భయం

‘ఏం లేదన్నా’ వెనకాల ఎక్కువసార్లు ఉండేది ఇదే. ఇంటర్ దాకా తెలుగులో చదివి, పీజీలోనో డిగ్రీలోనో ఒక్కసారిగా ఇంగ్లిష్ క్లాసులో కూర్చున్న పిల్లకు తనకేమీ రాదనిపిస్తుంది. నిజానికి సగం వచ్చు. ‘క్షీణోపాంత ప్రయోజన సూత్రం’ గీత గీసి వివరించగలిగిన పిల్ల, లెక్చరర్ ‘డిమినిషింగ్ మార్జినల్ యుటిలిటీ’ అనగానే కొత్త పాఠం అనుకుని బెదిరిపోతుంది. ‘జడత్వ భ్రామకం’ తెలిసినవాడికి ‘మూమెంట్ ఆఫ్ ఇనర్షియా’ తెలుసు, ఆ రెండూ ఒకటేనని ఎవరూ చెప్పలేదంతే.

ఇక్కడ మెంటర్ చేయగలిగే పని చాలా ఉంది. 200 పేజీల నోట్‌బుక్ ఒకటి పెట్టించండి. పేజీ మధ్యలో గీత, ఎడమవైపు ఇంగ్లిష్ మాట, దాని కింద ఉచ్చారణ తెలుగు లిపిలో, కుడివైపు తెలుగు అకాడమీ పుస్తకంలోని మాట. రోజుకు పది. ఆరుగురూ తలా ఒక సబ్జెక్టు పంచుకుంటే నెలన్నరలో సెమిస్టర్ మొత్తానికి సరిపడే పదకోశం తయారవుతుంది. దాన్ని తర్వాతి బ్యాచ్‌కు ఇవ్వొచ్చు.

రెండోది జవాబు రాయడం. ముందు తెలుగులో ఐదు వాక్యాల్లో చెప్పించండి. అవే ఐదు వాక్యాలు చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాలుగా రాయించండి. వ్యాకరణం దిద్దుతూ కూర్చోకండి, విషయం ఉందా లేదా చూడండి. గైడ్ పేజీలు బట్టీ పట్టే అలవాటు ఇక్కడే మానాలి. బట్టీ పట్టినవాడు మధ్యలో ఒక్క లైన్ మరిచిపోతే పెన్ను పక్కన పెట్టేస్తాడు.

ఇంగ్లిష్ మీడియం కోర్సులైనా స్థానిక భాషల్లో పరీక్ష రాసే వీలివ్వాలని 2023 ఏప్రిల్‌లో యూజీసీ విశ్వవిద్యాలయాలను కోరింది. మీ కోర్సుకు ఆ వీలుందేమో ఎగ్జామినేషన్ బ్రాంచ్‌లో రాతపూర్వకంగా అడగండి, సీఆర్ ద్వారా అడిగితే ఇంకా మంచిది. ‘ఎవరో అన్నరు’ అని పరీక్ష హాల్‌లో తెలుగులో మొదలుపెట్టకూడదు.

అడుగు 9: మీ చేతిలో లేనివి

కొన్ని కష్టాలు మీరు తీర్చేవి కావు. చావు మాట, వేధింపు, ఇంట్లో హింస, మందు, ఆన్‌లైన్ బెట్టింగ్ అప్పు. వీటిలో ఏదైనా చెవిన పడితే రహస్యంగా ఉంచుతానని ఒట్టు వేయొద్దు. "నువ్వు నాకు చెప్పింది క్లాసులో ఎవరికీ తెల్వదు. కానీ సాయం చేసే ఒక్కరికి చెప్దాం, ఎవరికి చెప్దామో నువ్వే చెప్పు" అనండి. ఎవరిని నమ్మాలో ఎంచుకునే వీలు అవతలి మనిషికి ఇస్తే చాలావరకు ఒప్పుకుంటారు.

నంబర్లు కాగితం మీద రాసుకోండి. మానసిక ఆందోళనకు టెలీ మానస్, 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ర్యాగింగ్‌కు 1800-180-5522. మహిళలకు 181, అత్యవసరానికి 112. లైంగిక వేధింపైతే అంతర్గత కమిటీకి రాతపూర్వక ఫిర్యాదు. రాయడానికి పక్కన కూర్చోండి, మాటలు మాత్రం ఆమెవే ఉండాలి. మీరు మధ్యవర్తిత్వం చేసి ‘సారీ చెప్పించి’ ముగించడం సాయం కాదు, ఆమె ఫిర్యాదు దారిని మూసేయడమే.

ప్రాణం మీదికి తెచ్చుకునేలా ఉన్నారనిపిస్తే ఒంటరిగా వదలకండి, ఇన్‌చార్జి మేడంకో వార్డెన్‌కో వెంటనే ఫోన్ చేయండి. రాత్రి రెండైనా ఫోన్ చేయొచ్చా అని ఒక మెంటర్ నన్ను అడిగాడు. చేయొచ్చు. ఆ తర్వాత మీరూ ఎవరితోనైనా మాట్లాడండి. అంత బరువు మోసి మరుసటి రోజు ఇంటర్నల్స్ రాయడం తేలిక కాదు. ఆరుగురు మెంటర్లకు పైన ఒకరుండాలని నిబంధనల్లో పెట్టింది ఇలాంటప్పుడే అక్కరకొస్తుంది.

అడుగు 10: క్లాసు తరఫున అడగాల్సినవి

ఒకే కష్టం ఆరుగురిలో నలుగురికి ఉంటే అది ఇక మెంటర్ పని కాదు, సీఆర్‌కు అప్పజెప్పండి. మెస్ నీళ్లు, ల్యాబ్‌లో పరికరాలు, మార్కుల మెమోల ఆలస్యం. మొదట హెచ్‌ఓడీ, తర్వాత ప్రిన్సిపాల్. అప్పటికీ కదలకపోతే విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీ. ఫిర్యాదు అందిన 15 పనిదినాల్లో కమిటీ నివేదిక ఇవ్వాలని 2023 నిబంధన. ఆపైన అప్పీలు వినడానికి అంబుడ్స్‌పర్సన్ ఉంటారు. ప్రతి మెట్టు దగ్గరా తేదీ వేసిన కాపీ మీ దగ్గర ఉండాలి.

ఫిర్యాదులో కోపం తగ్గించి లెక్కలు పెట్టండి. ‘మెస్ తిండి బాగుంటలేదు’ అంటే విని ఊరుకుంటారు. ‘ఈ నెల 4, 9, 11 తేదీల్లో రాత్రి అన్నం 8:30కే అయిపోయింది, 23 మంది తినలేదు’ అంటే ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సి వస్తుంది. డివైడింగ్ పద్ధతిలో (నెల ఖర్చును విద్యార్థులే పంచుకునే పద్ధతి) నడిచే మెస్ అయితే ముందు మీ మెస్ కమిటీ ఖాతా పుస్తకం తెరిచి చూసుకోండి. ఒక్కోసారి అడగాల్సిన వాళ్లు మన మధ్యలోనే ఉంటారు.

విద్యార్థి సంఘాల వాళ్లు సాయానికి వస్తామంటారు. రానివ్వండి, ధర్నాలో వాళ్ల అనుభవం పెద్దది. మెంటరింగ్ బుధవారం మాత్రం ఏ జెండా కిందికీ పోకుండా చూసుకోండి. అక్కడికి అన్ని రకాల పిల్లలూ రావాలి.

అడుగు 11: నోట్‌బుక్, అప్పగింత

ప్రతి మెంటర్ దగ్గర ఒక చిన్న నోట్‌బుక్ ఉండాలి. తేదీ, ఏం అడిగారు, ఎక్కడికి పంపాం, పనైందా. ఇంటి సంగతులు, ఆరోగ్యం సంగతులు అందులో రాయొద్దు, పుస్తకం ఎవరి చేతిలోనైనా పడొచ్చు. పేర్ల బదులు 1 నుంచి 6 అంకెలు చాలు. నెలకోసారి మెంటర్లంతా కూర్చుని ‘పనైందా’ అన్న చోట ఖాళీలు మాత్రం చూడండి. మాకు మొదటి ఏడాది సగానికి పైగా ఖాళీలే. పంపించాం, మళ్లీ అడగలేదు.

రెండో సెమిస్టర్ పరీక్షలకు ముందే అప్పగింత మొదలుపెట్టండి. పరీక్షలయ్యాక ఎవరూ దొరకరు. ఇప్పటి జూనియర్లలో ఇద్దరు ముగ్గురిని బుధవారాలు మీ పక్కన కూర్చోబెట్టుకోండి. గదుల పటంలో మారిన కిటికీలు దిద్దండి, పదకోశం నోట్‌బుక్ జిరాక్స్ తీసి లైబ్రరీలో ఒక కాపీ పెట్టండి, సర్క్యులర్ కాపీ ఇన్‌చార్జి ఫైల్‌లో ఉందో లేదో చూసుకోండి. హెచ్‌ఓడీ మారితే కొత్తవారు మొదట అడిగేది ఆ సర్క్యులరే.

చివరి పేజీలో మీ ఫోన్ నంబరు రాసి ఇవ్వండి. కొత్త బ్యాచ్ చేరిన రెండో వారంలో ఫోన్ వస్తుంది: "అన్నా, ఒక పిల్లగాడు నాలుగు రోజుల సంది వస్తలేడు. అడిగితే ఏం లేదంటున్నడు." అప్పుడు అడగండి, అతను పొద్దున ఏ బస్సుకు వస్తాడో కనుక్కున్నారా అని.